పెట్టెలో సైన్సు, పెరట్లో సైన్సు

మన విద్యార్థి సంఘం ఈ సంవత్సరం సైన్సు వారోత్సవాలకు కేటాయించిన డబ్బుతో చుట్టుపక్కల సర్కారు ప్రాథమిక పాఠశాలలకు "స్టెమ్ కిట్లు" కొనిపెడదామని కార్యవర్గంలో ఒక ప్రతిపాదన వచ్చిన సంగతి మిత్రులకు తెలిసే ఉంటుంది. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, మేథమేటిక్సు అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. ఒక అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్కు చక్రాలు, ఒక బుల్లి మోటారు, రెండు బ్యాటరీలు, రంగురంగుల సూచనల పుస్తకం. ఒక్కో పెట్టె ధరతో మనలో ఒకరి నెల మెస్సు బిల్లు కట్టేస్తే ఇంకా చిల్లర మిగులుతుంది. ప్రతిపాదన తెచ్చిన మిత్రుల సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. చందాలు వసూలు చేసి ఆర్కెస్ట్రా పెట్టించడం కంటె ఇది వెయ్యి రెట్లు మేలు. అయినా ఈ పెట్టెలు కొనవద్దనే నా అభిప్రాయం. ఎందుకు వద్దో, ఆ డబ్బుతో ఏం చెయ్యొచ్చో ఈ నాలుగు పేజీల్లో చెప్పుకునే అవకాశమిచ్చిన సంపాదకవర్గానికి ముందుగా కృతజ్ఞతలు.

నేను చదివేది ఎం.ఎస్సీ. ఫిజిక్సు. కిందటేడు జూలై నుంచి ఫిబ్రవరి దాకా, సెలవులూ పరీక్షలూ పోగా దొరికిన శనివారాలన్నీ, హాస్టలు మిత్రులు ముగ్గురితో కలిసి యూనివర్సిటీ వెనక గోడ అవతల ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి వస్తున్నాను. రెండు గదులు, ఒక వరండా, ఒక వేపచెట్టు, ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. మాలో ఒకడు కెమిస్ట్రీ, ఒకడు బోటనీ, ఇంకొకడు తెలుగు ఎం.ఏ. (ఈ చివరివాడే అందరికంటె బాగా పనికొచ్చాడు. ఆ సంగతి తర్వాత.) కనుక నేను చెప్పేదాంట్లో సగం ఆ వేపచెట్టు కింద చూసింది, సగం చదివి తెలుసుకున్నది.

ఆ బడిలో ఒక ఇనుప బీరువా ఉంది. వెళ్ళిన కొత్తలో తెరిపించి చూశాం. లోపల దుమ్ముకొట్టుకుపోయిన రెండు సైన్సు పెట్టెలున్నాయి. ఒకదానికి సీలు కూడా విప్పలేదు. "మేడం గారూ, వీటిని వాడరా?" అంటే ప్రధానోపాధ్యాయురాలు దాపరికం లేకుండా చెప్పారు: "బాబూ, స్టాకు రిజిస్టరులో నా సంతకం ఉంది. ఒక భూతద్దం పగిలితే ఎవరితో చెప్పుకోను? తనిఖీకి వచ్చినవాళ్ళు పెట్టె ఉందా అని అడుగుతారు గాని, పిల్లలు దాన్ని ముట్టుకున్నారా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

ఇది ఆ ఒక్క బడి కథ అయితే రాయాల్సిన పనే లేదు. నేను అయిదో తరగతి దాకా చదివిన ఊరి బడిలోనూ ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో గుర్రపునాడా ఆకారంలో ఎర్రరంగు వేసిన అయస్కాంతం ఒకటి. అయిదేళ్ళూ దాన్ని అద్దంలోంచే చూశాను. 1987లో కేంద్ర ప్రభుత్వం "ఆపరేషన్ బ్లాక్‌బోర్డు" అనే పథకం పెట్టింది. దేశంలోని ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాటితోపాటు సైన్సు కిట్టు, గణితం కిట్టు, చిన్న చిన్న పనిముట్ల పెట్టె ఇవ్వాలని తలపెట్టింది. ఆలోచన గొప్పదే. కాని పెట్టెతోపాటు తాళంచెవి కూడా బడికి చేరుతుందని, ఆ తాళంచెవి ఒకరి బాధ్యత అయిపోతుందని ఎవరికీ తట్టినట్టు లేదు. ఇప్పుడు మనం కొనబోయే పెట్టెలకు ఇంతకంటె మంచి గతి పడుతుందన్న భరోసా ఏముంది?

పెట్టె పోతే పోనీ, పిల్లల చేత చేయించడానికి ప్రయోగాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగేవాళ్ళున్నారు. ఉపాధ్యాయుల భాషలో వీటిని "కృత్యాలు" అంటారు. నిజానికి లోకంలో వేటికైనా కరువుందేమో గాని కృత్యాలకు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బడులూ ప్రయోగశాలలూ బాంబులకు కూలిపోయిన దేశాల కోసం యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. డబ్బాలు, సీసాలు, తీగముక్కలతో సైన్సు ఎలా చెప్పాలో అందులో ఉంది. అదే పెరిగి పెద్దదై 1956లో సైన్సు బోధనకు ఆకరగ్రంథంగా వచ్చి ప్రపంచ భాషల్లోకి వెళ్ళింది. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివిన అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో మొదలుపెట్టి, పారేసిన చెత్తతో వందలాది సైన్సు బొమ్మలు తయారుచేశారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు ఎన్నో భాషల్లో ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు. మన తెలుగులో జనవిజ్ఞాన వేదిక వారి "చెకుముకి" ఉంది. మహీధర నళినీమోహన్ గారి వంటివారు తేటతెలుగులో రాసిన సైన్సు ఉంది. ఒకప్పుడు సోవియట్ వాళ్ళు కారుచవకగా అచ్చువేసి పంపిన పెరెల్మాన్ భౌతికశాస్త్రం ఇంకా పాత పుస్తకాల దుకాణాల్లో తగులుతూనే ఉంటుంది. ఇవన్నీ కాక చేతిలో ఫోను ఉండనే ఉంది. వెతికితే గంటలో వంద కృత్యాలు.

వందలో ఏది పనికొస్తుందో ఏరుకోవడమే కష్టం. మా శనివారాల్లో మేము సగం కాలం దీనిమీదే తగువులాడుకున్నాం.

ఉదాహరణకు అగ్నిపర్వతం. సైన్సు ఫెయిరు ఎక్కడ జరిగినా థర్మోకోలు కొండ ఒకటి ఉండి తీరుతుంది. నడినెత్తిన బొక్కలో తినే సోడా, ఎర్రరంగు, దానిమీద వెనిగరో నిమ్మరసమో పోస్తారు. బుస్సుమని పొంగుతుంది. అందరూ చప్పట్లు. ఇందులో పిల్లవాడు ఏం తెలుసుకున్నట్టు? అగ్నిపర్వతంలో సోడా ఉండదు, నిమ్మరసమూ ఉండదు. పైగా తప్పు సంగతి ఒకటి బుర్రలో ఎక్కుతుంది. సోడా రెట్టింపు వేస్తే ఏమవుతుంది, చింతపండు రసం పోస్తే పొంగుతుందా, వేడినీళ్ళతో కలిపితే తేడా ఉంటుందా అని అడిగిస్తే ఆ పొంగులోనే బోలెడు సైన్సు ఉంది. అప్పుడు కొండ అక్కర్లేదు, గాజు గ్లాసు చాలు. కాని గ్లాసును ఫోటో తీస్తే ఏం బాగుంటుంది! ఇక ప్రదర్శనల ముందు బడి ఎదుట స్టేషనరీ దుకాణంలో తయారుగా దొరికే సౌరకుటుంబాలూ గాలిమరలూ కొనుక్కొచ్చి బల్లమీద పెట్టే సంప్రదాయం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. మనలో చాలామంది అలాంటివాటి పక్కన నిలబడి బహుమతులు తెచ్చుకున్నవాళ్ళమే.

స్టెమ్ పెట్టెలోని మోటారు బండి మీద నా ఫిర్యాదు కూడా ఇలాంటిదే. ఆ ముక్కలు ఒక్క విధంగానే అతుకుతాయి. సూచనలు చూసి బిగించుకుంటూ పోతే బండి నడుస్తుంది. నడవకపోతే పిల్లవాడి చేతిలో ఏమీ లేదు, ముక్క పోయిందని అర్థం. దీనిపక్కన మన తాటిముంజల బండిని పెట్టి చూడండి. ముంజలు తినేసిన రెండు కాయలు, మధ్య ఒక పుల్ల, తోయడానికి ఒక పంగలకర్ర. బొక్క నడిమధ్య పడకపోతే బండి కుంటుతుంది. ఎందుకు కుంటుతోందో పిల్లవాడికి చెప్పేవాళ్ళుండరు. వాడే ఇంకో కాయ తెచ్చి ఇంకోచోట పొడుస్తాడు. పుల్ల పొట్టిదైతే కాయలు ఒరుసుకుంటాయి, పొడుగైతే తిరగబడుతుంది. ఇరుసంటే ఏమిటో, చక్రం మధ్యబిందువంటే ఏమిటో ఎనిమిదేళ్ళ పిల్లవాడికి చేతివేళ్ళకు తెలుస్తుంది. దీనికి ఇంజనీరింగు అని పేరు పెట్టినా పెట్టకపోయినా నష్టంలేదు. ముంజలు వచ్చే కాలానికి బడులకు సెలవులు దగ్గరపడతాయి గనక మేము జూలైలో అరిగిపోయిన హవాయి చెప్పుల రబ్బరు కోసి చక్రాలు చేయించాం. మొదటి వారం తయారైన బండ్లలో తిన్నగా నడిచింది ఒక్కటి కూడా లేదు. మూడో వారానికి బరువు ఎత్తే బండ్లు, వాలు మీదనుంచి దొర్లే బండ్ల పోటీలు పెట్టుకున్నారు. దూరాలు మూరలతో కొలిచారు. ఒకడి మూర ఇంకొకడి మూరకు సమానం కాదని కొట్లాట వచ్చాక స్కేలు అడిగి తీసుకున్నారు. "కొలతలు" అనే పాఠానికి ఇంతకంటె మంచి ఉపోద్ఘాతం ఏ పాఠ్యపుస్తకంలో ఉందో చెప్పండి.

తడి పలక సంగతి ఇంకా చిన్నది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు పలక తుడిచి అది ఆరేదాకా గాలిలో ఊపుతూనే ఉంటారు. ఊపితే ఎందుకు తొందరగా ఆరుతుంది? ఎండలో పెడితే తొందరా, ఫ్యాను కింద పెడితే తొందరా? ఒకే గుడ్డతో నాలుగు పలకలు తడిపి ఒకటి ఎండలో, ఒకటి నీడలో, ఒకటి ఫ్యాను కింద పెట్టి, ఇంకొకటి పుస్తకాల సంచిలో దూర్చి, అందరూ గట్టిగా అంకెలు లెక్కపెట్టడమే కృత్యం. ఖర్చు సున్న. నూరు దాటి లెక్కపెట్టడం రాని పిల్లలు పందెం కోసం పక్కవాళ్ళ దగ్గర నేర్చుకొచ్చారు. మా తెలుగు ఎం.ఏ. మిత్రుడు ఇక్కడే అక్కరకొచ్చాడు. "ఏం జరుగుతుందనుకుంటున్నావు?" అని ముందుగా ప్రతి పిల్లవాణ్ణీ అడిగి, వాడన్న మాటను వాడి పేరుతో సహా బోర్డుమీద రాసేవాడు. మేము సైన్సువాళ్ళం జవాబు చెప్పాలని నాలుక దురదపెట్టి తహతహలాడుతుంటే అతను మాత్రం తాపీగా అడుగుతూ కూచునేవాడు. జవాబు తెలియకపోవడం ఇంత పనికొచ్చే గుణమని నాకంతవరకు తెలియదు.

పసుపు కాగితం ప్రయోగం చాలామందికి తెలిసిందే. పసుపు నీళ్ళలో కలిపి కాగితానికి పూసి ఆరబెట్టి ముక్కలు చేస్తే లిట్మసులాంటి పరీక్షకాగితం తయారు. సబ్బునీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది, చింతపండు రసం పోస్తే మళ్ళీ పసుపవుతుంది. మా కెమిస్ట్రీ మిత్రుడు సున్నపు తేట ఒక చుక్క వేశాడో లేదో (సున్నం పిల్లల చేతికివ్వకూడదు, కళ్ళలో పడితే ప్రమాదం) నాలుగో తరగతి పిల్ల ఒకతె ఎగిరి గంతేసింది: "సార్, గిది పారాణి! మా అక్క పెండ్లిల గిట్లనే కలిపిన్రు!" ఆమ్లక్షారాల పాఠం మేము చెప్పకముందే ఆ పిల్ల ఇంట్లో ఉంది. పెండ్లికూతురి కాళ్ళకు పెట్టేది పసుపూ సున్నమూ అన్న సంగతి మనందరికీ తెలుసు. అది రసాయనశాస్త్రమని ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. మరుసటి వారానికి ఇళ్ళనుంచి బూడిద, షాంపూ, మజ్జిగ, అంట్లు తోమే పొడి, ఒకడు బ్యాటరీలోంచి కారిన మురికి కూడా (వెంటనే లాగేసుకున్నాం) తెచ్చి పరీక్ష పెట్టమన్నారు. ఇలాంటివి ఏ పెట్టెలోనూ సరఫరా కావు. అయిపోతాయన్న భయమూ లేదు.

అన్నిటికంటె నాకు ఎక్కువ సంతోషం కలిగించింది నీడకర్ర. ఆవరణలో మీటరు కర్ర నిలువుగా పాతి, కొన కొననీడ పడ్డచోటల్లా గులకరాయి పెట్టడమే పని. సూర్యుని వంక చూడకూడదు, నీడనే చూడాలి. జనవరి నెలాఖరున చేశాం. మిట్టమధ్యాహ్నం అంటే పన్నెండు గంటలని పిల్లలందరికీ కంఠతా వచ్చు. కాని నీడ పన్నెండింటికి కూడా పొట్టిపడుతూనే ఉంది. పన్నెండుంపావుకీ అంతే. పన్నెండున్నర ప్రాంతానికి గాని నీడ తన హద్దు చేరుకోలేదు. అప్పుడు కొలిస్తే దాదాపు డెబ్భై సెంటీమీటర్లు. "గడియారం తప్పు నడుస్తున్నది సార్" అన్నాడు అయిదో తరగతివాడు. ఇంకొకడు "కాదు, సూర్యుడే ఆలస్యం" అన్నాడు. ఆలోచిస్తే రెండోవాడిదే సగం న్యాయం. మన గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. ఆ రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. హైదరాబాదు దానికి సుమారు నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు కాకినాడ నెత్తిమీదనుంచి మన నెత్తిమీదకు రావడానికి పదహారు నిమిషాలు పడుతుంది. పైన భూమి కక్ష్య, అక్షపు వాలు వల్ల జనవరి నెలాఖరుకు ఇంకో పన్నెండు నిమిషాలు. ఈ లెక్కంతా అయిదో తరగతికి చెప్పలేదు, చెప్పకూడదు కూడా. "కాకినాడలో మీ చుట్టాలెవరైనా ఉంటే ఫోను చేసి అక్కడ నీడ ఎప్పుడు పొట్టిపడిందో అడగండి" అన్నాం. ఎవరికీ లేరు. ఒక పిల్లకు రాజమండ్రిలో మేనత్త ఉంది. ఆవిడ చాలా శ్రద్ధగా చీపురుపుల్ల పాతి కొలిచి చెప్పింది. ఇక్కడికంటె ముందే పొట్టిపడిందట. తరగతి తరగతంతా గంతులు.

హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం నిలువుకర్రకు నీడే ఉండదు. మేలో బడికి సెలవులు, ఆగస్టులో ముసురు. మాకు ఆ వారమంతా సూర్యదర్శనమే కాలేదు. ఈ ఏటికైనా మబ్బు విడుస్తుందేమో చూడాలి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోకపోతే న్యాయం కాదు. నలుగురు ఎం.ఎస్సీ., ఎం.ఏ. కుర్రాళ్ళు వారానికి రెండు గంటలు వచ్చి పిల్లలతో గంతులేయించి పోవడం తేలిక. రెండు గదుల్లో అయిదు తరగతులు కూచోబెట్టుకుని, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, ఫోన్లో హాజరు ఎక్కించి, ఎవరైనా కిందపడితే దెబ్బకు మందు రాసే టీచరుకు ఇది తేలిక కాదు. దానికితోడు 2022 నుంచి తెలంగాణలో "తొలిమెట్టు" కింద చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీదే దృష్టి అంతా పెట్టించారు. అది అవసరమే, కాదనను. అయిదో తరగతికి వచ్చినా రెండు వాక్యాలు చదవలేని పిల్లలను మేమూ చూశాం. అయితే "ముందు చదువూ లెక్కలూ రానీ, తర్వాత సైన్సు" అనే వాదన నాకు అర్థం కాదు. నీడ కొలిచి పట్టికలో రాయడం లెక్క కాదా? "నా పలక నీ పలకకంటె ముందు ఆరింది" అని కాగితంమీద పెట్టడం రాయడం కాదా? పరిసరాల విజ్ఞానానికని వేరే గంట దొరక్కపోతే లెక్కల గంటలోనే నీడకర్ర పాతవచ్చు.

బండెడు సామాను కంటె టీచరుకు దక్కే తోడే ముఖ్యమని మన దేశంలోనే యాభై ఏళ్ళ కిందట రుజువైంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పుడు దాని పేరు నర్మదాపురం) కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్సు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులూ, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూటు శాస్త్రజ్ఞులూ సెలవులు పెట్టుకుని ఆ పల్లెలకు వచ్చి టీచర్ల పక్కన నేలమీద కూచుని పనిచేశారు. అరవింద్ గుప్తా గారి అగ్గిపుల్లల బొమ్మలు పుట్టింది కూడా అక్కడే. 1978లో కార్యక్రమం జిల్లా అంతటికీ వ్యాపించింది. 1982లో దానికోసమే "ఏకలవ్య" అనే సంస్థ ఏర్పడింది. అక్కడ కిట్టు ఉండేది, నిజమే. కాని కిట్టుతో ఆగలేదు. టీచర్లకు వేసవి శిక్షణ, నెలనెలా సమావేశం, బడికి వచ్చి సాయం చేసే మనుషులు ఉండేవారు. పుస్తకంలో జవాబులుండవు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు, ప్రయోగం చేసి చూపాలి. పిల్లలు తమ ప్రశ్నలు "సవాలీరామ్" అనే ఒక కల్పిత పాత్రకు ఉత్తరాలు రాస్తే జవాబులు వచ్చేవి. ముప్ఫై ఏళ్ళు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. సామాను అయిపోయి ఆగలేదు గదా! పరీక్షా పద్ధతినీ, టీచరు వేళనూ మార్చాలంటే ప్రభుత్వం వెనక నిలబడాలి. నిలబడినన్నాళ్ళు నడిచింది.

మన రాష్ట్రానికీ ఇలాంటి చరిత్ర లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980 దశకంలో చిన్నగా మొదలై, 1989 నుంచి 1996 దాకా పెద్దయెత్తున నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఉంది. చేయడం ద్వారా నేర్చుకోవడం, టీచరే కృత్యాలు తయారుచేసుకోవడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడలమీద ప్రదర్శించడం ఇవన్నీ దాని సూత్రాలే. టీచర్లు కలుసుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. మా బడి మేడం గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ శిక్షణకు వెళ్ళారట. "అందరం ఒకచోట కూచుని ఎవరి బడిలో ఏం కుదిరిందో, ఏం కుదరలేదో చెప్పుకునేవాళ్ళం. తర్వాత తర్వాత గోడలకు బొమ్మలు అంటించడం మిగిలింది, కూచోవడం పోయింది" అన్నారు. ఆవిడ మరో ఏడాదిలో రిటైరవుతున్నారు. నీడకర్ర పాతిన రోజున ఆవిడే అందరికంటె ఎక్కువసేపు ఎండలో నిలబడ్డారు.

ఇప్పుడు ప్రభుత్వాలు సైన్సుకు డబ్బు పెట్టడం లేదనలేం. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులని ఎంపికచేసిన బడులకు ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. అవి ఆరో తరగతి నుంచే. ఒకటి నుంచి అయిదు దాకా చదివే పిల్లలకు అందులో పాలు లేదు. ప్రశ్నలు తన్నుకొచ్చే వయసు మాత్రం ఇదే. ఆరో తరగతికి వచ్చేసరికి చాలామంది అడగడం మానుకుని రాసుకోవడం నేర్చేసుకుంటారు. మన తరగతి గదులు చూస్తే తెలియడం లేదూ? ఎం.ఎస్సీ. క్లాసులో ప్రొఫెసరు గారు "ఎనీ డౌట్స్?" అంటే కిక్కురుమనేవాడు లేడు.

కనుక కార్యవర్గ మిత్రులకు నా మనవి ఇదీ. పెట్టెల కొనుగోలు ఆపండి. ఆ డబ్బులో కొంత బస్సు ఛార్జీలకు, కొంత చీపురుపుల్లలకూ పసుపుకూ పిల్లల నోటుపుస్తకాలకూ పెట్టండి. అన్ని విభాగాల నుంచీ జట్లు వెయ్యండి, ఒక్కో జట్టులో ఆర్ట్సు విద్యార్థి ఒకరు తప్పనిసరి. ఒక జట్టుకు ఒకే బడి, ఏడాది పొడుగునా. ఈ వారం ఒకచోట, వచ్చేవారం ఇంకోచోట తిరిగి ఫోటోలు దిగే పద్ధతి వద్దు. పిల్లల పేర్లు తెలియకుండా వాళ్ళ ప్రశ్నలు తెలియవు. నెలకొక శనివారం సాయంత్రం ఆయా బడుల టీచర్లను మన డిపార్టుమెంటుకు పిలిచి టీ ఇచ్చి, పోయిన ఆ ఉపాధ్యాయ కేంద్రంలాంటిది మళ్ళీ కూర్చోబెడదాం. ల్యాబులో మూలపడ్డ కటకాలూ స్ప్రింగుత్రాసులూ పిల్లలు పగలగొట్టినా ఫరవాలేదని ముందే చెప్పి ఇచ్చేటట్టు హెడ్డు గారిని ఒప్పించే పూచీ నాది. రాతపూర్వకంగా తీసుకుంటాను, మేడం గారి సంతకం అక్కర్లేకుండా.

"మనకెందుకు, అది బి.ఎడ్. వాళ్ళ పని" అనే మిత్రులకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. ఒక్కసారి వచ్చి చూడమంటాను. "ఏడాది పొడుగునా ఎవరొస్తారు?" అనే మిత్రుల అనుమానం మాత్రం సరైనదే. మేము మొదట ఏడుగురం బయల్దేరి ఆగస్టుకు నలుగురం మిగిలాం. ఇరవైమంది పేర్లిస్తే పదిమంది నిలుస్తారని నా అంచనా. పదిమందితో మూడు బడులు నడుస్తాయి. నలభై బడులకు పెట్టెలు పంచామని నివేదికలో రాసుకోవడం కంటె ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కనిపించనీయండి.

కొత్త టరము మొదలయ్యే వారం, శనివారం పొద్దున తొమ్మిదింటికి, ఫిజిక్సు డిపార్టుమెంటు వెనక సైకిలు స్టాండు దగ్గర కలుస్తాం. ఆ వారం ఇసుకలోంచి ఇనుపరజను తీయాలని పిల్లలతో ఒప్పందం. దానికి అయస్కాంతాలు కావాలి. ఎవరి గదిలోనైనా పాడైపోయిన స్పీకరు ఉంటే పారెయ్యకుండా వెంట తీసుకురండి.